ఈఎస్‌ఆర్ తగ్గింది, ప్లేట్‌లెట్లు నార్మల్‌కి వచ్చాయి, జ్వరం మాత్రం దిగట్లేదు: కీళ్లవాతం ఉన్న పిల్లల్లో వైరల్ జ్వరం

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. బాబుకి 12 ఏళ్లు, బరువు 32 కిలోలు. మూడేళ్లుగా సిస్టమిక్ జువెనైల్ ఇడియోపతిక్ ఆర్థ్రైటిస్ (సిస్టమిక్ జేఐఏ), అంటే కీళ్లతో పాటు ఒళ్లంతా మంట రేపే పిల్లల కీళ్లవాతం ఉంది. వారానికోసారి మెథోట్రెక్సేట్ 15 మి.గ్రా., రోజూ స్టెరాయిడ్ మందు ప్రెడ్నిసొలోన్ 7.5 మి.గ్రా., నొప్పికి న్యాప్రోక్సెన్ వాడుతున్నారు. గొంతునొప్పితో మొదలైన జ్వరానికి ఇది ఆరో రోజు, రోజంతా ఉంటోందని రాశారు. డెంగీ ఎన్‌ఎస్‌1 (వైరస్ ప్రోటీన్‌ని వెతికే పరీక్ష) నెగెటివ్ వచ్చింది. మూడు రోజుల తేడాతో తీయించిన రిపోర్టుల్లో ఈఎస్‌ఆర్ (ఒంట్లో మంటని సూచించే రక్త పరీక్ష) 84 నుంచి 26కి, ప్లేట్‌లెట్లు 5.1 లక్షల నుంచి 1.9 లక్షలకి వచ్చాయి. కాలేయం ఎంజైమ్ ఎస్‌జీఓటీ 112 ఉంది. వైరల్ జ్వరమే, రిపోర్టులు నార్మల్‌కి వస్తున్నాయి అని దగ్గరలో చూసిన డాక్టర్ అన్నారు. ఇంట్లోనే చూసుకోవచ్చా అన్నది మీ ప్రశ్న.

వద్దండీ. ఇవాళే పిల్లల ఐసీయూ, బ్లడ్ బ్యాంకు, రాత్రీ పగలూ పనిచేసే ల్యాబు ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. రుమటాలజిస్టు (కీళ్లవాత నిపుణుడు) అదే ఊళ్లో లేకపోయినా ఫోన్లో మాట్లాడి వైద్యం మొదలుపెట్టవచ్చు. ఐసీయూ లేని చోట రుమటాలజిస్టు ఉండి లాభం లేదు. ఈ రిపోర్టుల్లో మెరుగుదల నాకు కనబడటం లేదు. మ్యాక్రోఫేజ్ యాక్టివేషన్ సిండ్రోమ్ మొదలయ్యేటప్పుడు అంకెలు సరిగ్గా ఇలాగే మారతాయి. అంటే రోగనిరోధక కణాలు అదుపు తప్పి సొంత రక్తకణాలనే మింగేసే ప్రమాదకర స్థితి. వార్డుల్లో దీన్ని 'మాస్' అంటారు, నేనూ అలాగే రాస్తాను. మీ బాబుకి అదే ఉందని ఇక్కడ కూర్చుని తేల్చలేను. లేదని తేలేదాకా ఉన్నట్టే అనుకుని పరీక్షలు చేయించాలి.

ముందు జ్వరం సంగతి. సిస్టమిక్ జేఐఏ జ్వరానికి ఒక తీరు ఉంటుంది. రోజుకి ఒకసారి, ఎక్కువగా సాయంత్రం, ఒక్కసారిగా 102, 103 దాకా ఎక్కి, కొన్ని గంటల్లో పూర్తిగా దిగిపోతుంది. ఎక్కినప్పుడు ఒంటి మీద లేత గులాబీ రంగు మచ్చలు తేలి, జ్వరంతో పాటే మాయమవుతాయి. దిగాక పిల్లవాడు లేచి ఆడుకుంటాడు. మాస్ మొదలైతే ఈ తీరు చెడుతుంది. జ్వరం దిగకుండా రోజంతా నిలబడుతుంది, మధ్యలో పిల్లవాడు కోలుకోడు. రోజంతా ఉంటోందని మీరు రాసిన ఆ ఒక్క మాటకి రెండు రిపోర్టుల కన్నా ఎక్కువ విలువ ఉంది. ఆసుపత్రిలో ముందుగా అదే చెప్పండి. ఆరు గంటలకోసారి థర్మామీటర్ రీడింగు కాగితం మీద రాసుకుని తీసుకెళ్తే ఇంకా మంచిది.

ఇక ఈఎస్‌ఆర్. రక్తంలో ఫైబ్రినోజెన్ అనే గడ్డకట్టించే ప్రోటీన్ ఎక్కువైతే ఎర్రకణాలు నాణేల దొంతరల్లా ఒకదానికొకటి అంటుకుని గొట్టంలో త్వరగా కిందికి దిగుతాయి. ఇన్‌ఫ్లమేషన్‌లో ఈఎస్‌ఆర్ పెరగడానికి ముఖ్య కారణం ఇదే. మాస్‌లో ఆ ఫైబ్రినోజెన్ ఖర్చయిపోతుంది. దొంతరలు కట్టే పదార్థం లేక ఈఎస్‌ఆర్ పడిపోతుంది. లోపల మంట తగ్గలేదు, కొలిచే సాధనమే పనికిరాకుండా పోయింది. అందుకే జ్వరం తగ్గకుండా, మంటని చూపే మరో పరీక్ష సీఆర్‌పీ ఎక్కువగానే ఉండి, ఈఎస్‌ఆర్ ఒక్కటే మూడు రోజుల్లో 84 నుంచి 26కి పడితే సంతోషించకూడదు. నిజంగా జబ్బు తగ్గుతున్నప్పుడు ఈఎస్‌ఆర్ అన్నిటికన్నా నిదానంగా, వారాల మీద దిగుతుంది.

ప్లేట్‌లెట్ల విషయంలోనూ పొరపాటు ఇక్కడే జరుగుతుంది. ల్యాబు కాగితం మీద నార్మల్ 1.5 నుంచి 4.5 లక్షలు అని ఉంటుంది, 1.9 చూసి అందరూ ఊరుకుంటారు. కానీ ఈ జబ్బు చురుగ్గా ఉన్న పిల్లల్లో ప్లేట్‌లెట్లు 5, 6 లక్షలు ఉండటం మామూలు. 5.1 లక్షల నుంచి 1.9కి రావడమంటే మూడు రోజుల్లో సగానికి పైగా పోవడం. తెల్లకణాల లెక్క కూడా ఇలాగే చూడాలి. ఎప్పుడూ 18,000 ఉండే పిల్లవాడికి 7,000 వస్తే అది పతనమే.

2016లో అంతర్జాతీయ రుమటాలజీ సంఘాలు కలిసి ఒక కొలమానం ఇచ్చాయి. సిస్టమిక్ జేఐఏ ఉన్న, లేదా ఉందని అనుమానమున్న పిల్లలకి జ్వరం ఉండి, ఫెరిటిన్ (ఇనుముని నిల్వ చేసే ప్రోటీన్) 684 దాటి, ఈ నాలుగింటిలో ఏ రెండున్నా మాస్‌గా లెక్క: ప్లేట్‌లెట్లు 1.81 లక్షలు లేదా తక్కువ, ఎస్‌జీఓటీ 48కి పైన, ట్రైగ్లిజరైడ్లు 156కి పైన, ఫైబ్రినోజెన్ 360 లేదా తక్కువ. మీ బాబు ఎస్‌జీఓటీ ఎప్పుడో దాటింది. ప్లేట్‌లెట్లు గీతకి కాస్త పైన ఉన్నాయి. ఫెరిటిన్, ట్రైగ్లిజరైడ్లు, ఫైబ్రినోజెన్ మూడూ అసలు చేయించనే లేదు. ఫైబ్రినోజెన్ గీత ఎంత ఎత్తులో ఉందో గమనించండి. సాధారణంగా 200 నుంచి 400 నార్మల్ అంటారు కాబట్టి 300 వస్తే ల్యాబు నార్మల్ అనే రాస్తుంది. ఇంత జ్వరంలో అది 500, 600 ఉండాల్సింది.

హెచ్‌ఎల్‌హెచ్ (మాస్ కూడా చేరే జబ్బుల కుటుంబం) కోసం ఉన్న పాత కొలమానం, ఎనిమిదింటిలో ఐదు కావాలనేది, ఈ పిల్లలకి సరిపోదు. అందులో ప్లేట్‌లెట్లు లక్ష కన్నా, ఫైబ్రినోజెన్ 150 కన్నా దిగాలి. అంతదాకా ఆగితే రక్తస్రావమో ఫిట్సో వచ్చాక మేలుకున్నట్టు అవుతుంది. 2016 గీతలు కూడా పరిశోధనల కోసం రోగులను వర్గీకరించడానికి పెట్టినవే. మంచం దగ్గర వైద్యం మొదలుపెట్టడానికి గీత దాటేదాకా ఆగనక్కర్లేదు, అంకెలు ఏ దిక్కుకి పోతున్నాయో చూస్తే చాలు.

ఇదంతా ఒక మామూలు వైరస్‌తో ఎందుకు మొదలవుతుందంటే, వైరస్ సోకిన కణాన్ని నేచురల్ కిల్లర్ కణాలు, సీడీ8 లింఫోసైట్లు చంపాలి. పర్‌ఫోరిన్ అనే ప్రోటీన్‌తో దానికి రంధ్రం చేసి లోపలికి విషపు ఎంజైములు పంపుతాయి. చంపడం పూర్తయితే సంకేతాలు ఆగిపోతాయి. సిస్టమిక్ జేఐఏలో ఇంటర్‌ల్యూకిన్ 18 అనే సంకేత ప్రోటీన్ చాలా ఎక్కువగా ఉండి, ఈ చంపే శక్తి మందగిస్తుంది. సోకిన కణాన్ని పట్టుకుంటాయి కానీ ముగించలేవు. పట్టుకున్నంతసేపూ ఇంటర్‌ఫెరాన్ గామా అనే మరో సంకేత ప్రోటీన్ విడుదలవుతూనే ఉంటుంది. దాంతో రెచ్చిన మ్యాక్రోఫేజ్‌లు ఎముక మజ్జలో, ప్లీహంలో, కాలేయంలో సొంత రక్తకణాలనే మింగుతాయి. ఫెరిటిన్ వేలల్లోకి పోయేది వీటి వల్లే. కొవ్వుని కరిగించే ఎంజైమ్ అణిగిపోయి ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి. తరచుగా కారణమయ్యేది ఎప్‌స్టీన్ బార్ వైరస్. గొంతునొప్పితో మొదలైందన్నారు కాబట్టి మీ బాబు విషయంలో దాన్ని ముందు అనుమానించాలి. సైటోమెగలో, ఇన్‌ఫ్లుయెంజా, ఆటలమ్మ, పార్వో బీ19, డెంగీ ఇవన్నీ చేయగలవు. వైరస్ ఏదీ దొరకకుండా జబ్బు విజృంభించడం వల్లే మాస్ రావడం కూడా ఉంది.

ఆసుపత్రికి వెళ్లేలోపు మందుల సంగతి. న్యాప్రోక్సెన్ ఆపేయండి. ఇబుప్రోఫెన్, మెఫ్టాల్, ఆస్పిరిన్ వద్దు. ప్లేట్‌లెట్లు పడుతున్నప్పుడు, డెంగీ ఇంకా తేలనప్పుడు ఇవి రక్తస్రావాన్ని పెంచుతాయి. ఫ్లూ, ఆటలమ్మల్లో ఆస్పిరిన్ వల్ల రేస్ సిండ్రోమ్ (కాలేయం, మెదడు దెబ్బతినే జబ్బు) భయం వేరే. పారాసెటమాల్ కిలోకి 10 నుంచి 15 మి.గ్రా., అంటే 32 కిలోలకి 5 మి.లీ.లో 250 మి.గ్రా. ఉండే సిరప్ 8 మి.లీ. రోజుకి నాలుగు సార్లకి మించొద్దు, కాలేయం ఎంజైములు పెరిగి ఉన్నాయి. ఈ వారం మెథోట్రెక్సేట్ వేయకండి, మళ్లీ ఎప్పుడన్నది జ్వరం తగ్గాక మీ డాక్టరు చెబుతారు.

ప్రెడ్నిసొలోన్ మాత్రం ఏ పరిస్థితిలోనూ ఆపొద్దు. ఇన్‌ఫెక్షన్ ఉంది, స్టెరాయిడ్ ఆపేద్దాం అని ఎవరన్నా ఒప్పుకోకండి. నెలల తరబడి వాడిన పిల్లల్లో అడ్రినల్ గ్రంథి నిద్రపోతూ ఉంటుంది. జ్వరంలో శరీరానికి కావలసిన అదనపు కార్టిసాల్ అది తయారు చేయలేదు. అందుకే ఈ మోతాదులో ఉన్న పిల్లలకి జ్వరం రోజుల్లో రెట్టింపు, ఉదయం సగం సాయంత్రం సగం, ఇవ్వమని సాధారణంగా ముందే రాసిస్తారు. మీ చీటీలో లేకపోతే ఇవాళే ఫోన్ చేసి అడగండి. మాత్ర వేసిన అరగంటలోపు వాంతి అయితే మళ్లీ వేయాలి. రెండోసారీ నిలవకపోతే హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ కావాలి, ఈ వయసుకి 50 నుంచి 100 మి.గ్రా. ఉన్నట్టుండి నీరసించిపోవడం, ఒళ్లు చల్లబడటం, షుగర్ పడిపోవడం కార్టిసాల్ చాలడం లేదనడానికి గుర్తులు.

అక్కడ అడగాల్సిన పరీక్షలు: సీబీసీతో పాటు పెరిఫెరల్ స్మియర్, ఫెరిటిన్, ఫైబ్రినోజెన్, పీటీ, ఏపీటీటీ, డీ డైమర్, ట్రైగ్లిజరైడ్లు, లివర్ ఫంక్షన్, ఎల్‌డీహెచ్, సోడియం, క్రియాటినిన్, సీఆర్‌పీ, ఈఎస్‌ఆర్, బ్లడ్ కల్చర్. సీబీసీ 12 గంటలకోసారి, ఫెరిటిన్ రోజూ చూడాలి. ల్యాబు దగ్గర మూడు చోట్ల తప్పు జరుగుతుంది. ఫెరిటిన్ చాలా యంత్రాల్లో 1,500 లేదా 2,000 దాటితే 'అంతకు మించి' అని మాత్రమే వస్తుంది. శాంపిల్‌ని డైల్యూట్ చేసి అసలు అంకె ఇవ్వమని పట్టుబట్టండి. 2,500కి, 25,000కి మధ్య తేడా తెలియకపోతే రేపటి రిపోర్టు పెరిగిందో తగ్గిందో చెప్పలేరు. ఫైబ్రినోజెన్ తీసే నీలం మూత ట్యూబు గీత దాకా నిండాలి, సగం నింపితే అంకె తప్పు వస్తుంది. ప్లేట్‌లెట్లు ట్యూబులో గుంపులు కట్టినా యంత్రం తక్కువ చూపిస్తుంది, స్మియర్‌ని మైక్రోస్కోపులో చూసి నిర్ధారించాలి.

ఫెరిటిన్ ఎంత వస్తే ఏమిటని అడుగుతారు. సిస్టమిక్ జేఐఏ చురుగ్గా ఉన్నప్పుడే అది వేలల్లో ఉండొచ్చు, కాబట్టి ఒక్క అంకె మీద తీర్పు చెప్పలేం. పిల్లల్లో 10,000 దాటితే అనుమానం చాలా బలపడుతుంది. రోజురోజుకీ రెట్టింపవుతుంటే 3,000 కూడా భయపడాల్సిన అంకే.

డెంగీతో తికమక మన దగ్గర వానాకాలంలో తప్పదు. రెంటిలోనూ ప్లేట్‌లెట్లు పడతాయి, ఎస్‌జీఓటీ పెరుగుతుంది, ఫెరిటిన్ పెరుగుతుంది. ఎన్‌ఎస్‌1 మొదటి ఐదు రోజుల్లో పనికొచ్చే పరీక్ష. ఆరో రోజు నెగెటివ్ వస్తే డెంగీ లేదని కాదు, ఐజీఎం (యాంటీబాడీ) పరీక్ష పంపాలి. డెంగీలో జ్వరం సాధారణంగా మూడు నుంచి ఏడు రోజుల మధ్య దిగుతుంది. దిగిన 24 నుంచి 48 గంటల్లో రక్తనాళాల నుంచి ప్లాస్మా కారి హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వాటా) పెరుగుతుంది. ఆ తర్వాత ప్లేట్‌లెట్లు వాటంతట అవే లేస్తాయి. ఏడెనిమిది రోజులు దాటినా జ్వరం దిగకపోతే, హెమటోక్రిట్ పెరగకుండా హిమోగ్లోబిన్ పడుతుంటే, ప్లీహం పెరుగుతుంటే డెంగీ ఒక్కటే కాదు. రెండూ కలిసి ఉండొచ్చు కూడా. అప్పుడు సెలైన్ విషయంలో చేయి చాలా జాగ్రత్తగా ఉండాలి, ఆల్బుమిన్ పడిపోయిన పిల్లవాడికి ఎక్కువ ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది.

స్క్రబ్ టైఫస్ వైరస్ కాదు గానీ దాన్ని ఇక్కడ చెప్పకుండా ఉండలేను. తెలుగు రాష్ట్రాల్లో ఉంది, హెచ్‌ఎల్‌హెచ్‌ని తెస్తుంది, చవకైన డాక్సీసైక్లిన్‌తో తగ్గుతుంది. చంకల్లో, గజ్జల్లో, చెవుల వెనక, బొడ్డు చుట్టూ సిగరెట్ కాలినట్టుండే నల్లటి పొక్కు ఉందేమో మీరే వెతకండి. హడావుడిలో డాక్టర్లు బట్టలు పూర్తిగా తీసి చూడకపోవచ్చు. మలేరియా, టైఫాయిడ్ కూడా వదలకూడదు.

వైరస్ కోసం ఎప్‌స్టీన్ బార్, సైటోమెగలో పీసీఆర్ (వైరస్ జన్యుపదార్థాన్నే వెతికే పరీక్ష) పంపడం మేలు. రోగనిరోధక శక్తి అణిగిన పిల్లల్లో ఐజీఎం నమ్మదగినది కాదు. ఈ శాంపిళ్లన్నీ ఐవీఐజీ ఎక్కించే ముందే తీయాలి. అది వేల మంది దాతల యాంటీబాడీల ద్రవం, ఎక్కించాక ఏ సీరాలజీ చేసినా ఆ దాతల రక్తం సంగతే తెలుస్తుంది. ఐవీఐజీ తర్వాత ఈఎస్‌ఆర్ కూడా అబద్ధంగా పెరుగుతుంది. ఎముక మజ్జ పరీక్షలో మ్యాక్రోఫేజ్‌లు కణాలను మింగుతూ కనబడటం మొదట్లో చాలాసార్లు ఉండదు. కనబడలేదని మాస్ కాదనడం తప్పు. లుకేమియా అనుమానం ఉన్నప్పుడు మాత్రం స్టెరాయిడ్ పల్స్‌కి (కొద్ది రోజులు ఇచ్చే భారీ మోతాదుకి) ముందే మజ్జ తీయడం అవసరం, లేకపోతే స్టెరాయిడ్ దాన్ని కప్పేస్తుంది.

చికిత్స మొదట మిథైల్‌ప్రెడ్నిసొలోన్ పల్స్, కిలోకి 30 మి.గ్రా., రోజుకి గరిష్ఠంగా 1 గ్రాము, మూడు రోజులు. మీ బాబుకి 960 మి.గ్రా. అవుతుంది. కనీసం గంటకు తగ్గకుండా నిదానంగా ఎక్కించాలి, బీపీ, షుగర్, పొటాషియం చూస్తూ ఉండాలి. ఇన్‌ఫెక్షన్ ఉండగా ఇంత స్టెరాయిడ్ ఏమిటని మీకు అనిపిస్తుంది, కొందరు డాక్టర్లకూ అనిపిస్తుంది. ఉత్త డెంగీకి స్టెరాయిడ్ వల్ల ఉపయోగం లేదన్నది నిజమే. కానీ మాస్‌లో పిల్లవాడిని కుంగదీసేది వైరస్ కన్నా అదుపు తప్పిన సొంత రోగనిరోధక వ్యవస్థ. కల్చర్లు తీసి, యాంటీబయాటిక్ రక్షణ పెట్టి, స్టెరాయిడ్ ఇస్తారు. రెండూ ఒకేసారి నడవాలి, ఒకటి ముగిశాక మరొకటి కాదు.

ఒకటి రెండు రోజుల్లో లొంగకపోతే సైక్లోస్పోరిన్ లేదా అనకిన్రా కలుపుతారు. అనకిన్రా శరీరంలో కొద్ది గంటలే ఉంటుంది, ఇన్‌ఫెక్షన్ ముదిరితే వెంటనే ఆపగలం, అందుకే దానికి ప్రాధాన్యం. చిక్కల్లా మన దేశంలో అన్ని చోట్లా దొరకదు, ముందే వాకబు చేయాలి. సైక్లోస్పోరిన్‌తో బీపీ పెరిగి మెదడు వాచే ప్రమాదం ఉంది, తలనొప్పి, చూపు మసకబారడం అంటే తేలిగ్గా తీసుకోవద్దు. ఐవీఐజీ మొత్తం కిలోకి 2 గ్రాములు, విడిగా దాని బలం తక్కువ. ఎప్‌స్టీన్ బార్ లోడు ఎక్కువగా ఉంటే రిటుక్సిమాబ్ ఆలోచిస్తారు. ఎటొపొసైడ్ మొండికేసిన కేసులకి. ఇంటర్‌ఫెరాన్ గామాని నేరుగా అడ్డుకునే ఎమపలుమాబ్‌కి అమెరికాలో 2018లో పుట్టుకతో వచ్చే హెచ్‌ఎల్‌హెచ్‌కి, 2025లో స్టిల్స్ జబ్బులో (సిస్టమిక్ జేఐఏ అందులోదే) మాస్‌కి అనుమతి వచ్చింది. ఇక్కడ దాని ధర ఊసు ఎత్తకపోవడమే మంచిది.

ప్లేట్‌లెట్లు ఎక్కించమని బంధువులు ఒత్తిడి పెడతారు. రక్తస్రావం లేనప్పుడు అంకె కోసం ఎక్కిస్తే అవీ మ్యాక్రోఫేజ్‌ల పాలే. మూల కారణం ఆగితేనే అంకె నిలబడుతుంది. మందు పనిచేస్తే 24 నుంచి 48 గంటల్లో జ్వరం విరుగుతుంది. తర్వాత ఫెరిటిన్ దిగడం, ఫైబ్రినోజెన్, ప్లేట్‌లెట్లు పెరగడం కనబడుతుంది. ఆ సమయంలో ఈఎస్‌ఆర్ మళ్లీ 50, 60కి ఎక్కితే బెంగపడకండి, ఫైబ్రినోజెన్ తిరిగొస్తోందన్నమాట. మగత, చిరాకు, మాట తడబడటం, ఫిట్స్, ముక్కు చిగుళ్ల నుంచి రక్తం, నల్లటి విరేచనం, కళ్లు పచ్చబడటం, ఆరు గంటలుగా మూత్రం రాకపోవడం వీటిలో ఏది కనబడినా నర్సుని అప్పుడే పిలవాలి, రౌండ్స్ దాకా ఆగకూడదు.

ఇదే ప్రశ్నతో వచ్చే మిగతావారి కోసం ఒకటి రెండు ముక్కలు. పిల్లలు టోసిలిజుమాబ్ (ఇంటర్‌ల్యూకిన్ 6ని అడ్డుకునే మందు) మీద ఉంటే సీఆర్‌పీ, ఈఎస్‌ఆర్ రెండూ మందు వల్లే అణిగిపోతాయి, జ్వరం కూడా పెద్దగా రాకపోవచ్చు. వాళ్లలో ప్లేట్‌లెట్లు, ఎస్‌జీఓటీ, ఫెరిటిన్ మారుతున్న తీరే ఆధారం. లూపస్ ఉన్న టీనేజ్ పిల్లల్లో కణాలు తగ్గడం జబ్బులోనే ఉంది కాబట్టి దాంతో తేలదు, అక్కడ ఫెరిటిన్ బాగా పెరగడమే పెద్ద గుర్తు. పేగు జబ్బుకి అజాథయోప్రిన్ మొదలుపెట్టే కుర్రాళ్లకి ఎప్‌స్టీన్ బార్ ఇదివరకు సోకిందా లేదా ముందే చూసుకోవడం మంచిది. ఆ మందు మీద ఉండగా అది తొలిసారి సోకితే హెచ్‌ఎల్‌హెచ్ ప్రమాదం ఎక్కువ. కోవిడ్ తర్వాత రెండు నుంచి ఆరు వారాలకి వచ్చే ఎంఐఎస్‌సీ (పిల్లల్లో చాలా అవయవాలకి మంట వచ్చే జబ్బు) వేరే సంగతి. అందులో గుండె, కడుపు ముందు దెబ్బతింటాయి, ఎకో చేయించాలి.

గండం గడిచాక స్టెరాయిడ్ వారాల మీద తగ్గిస్తారు, తొందరపడి తగ్గిస్తే మాస్ తిరగబెడుతుంది. మళ్లీ మళ్లీ వస్తే పర్‌ఫోరిన్ వంటి జన్యు పరీక్షలు అడగాలి. ఐవీఐజీ కిలోకి 2 గ్రాముల మోతాదు పడితే ఎంఎంఆర్, ఆటలమ్మ టీకాలకి 11 నెలలు ఆగాలి. పైగా అవి బతికున్న వైరస్ టీకాలు, స్టెరాయిడ్ మోతాదు చూసి డాక్టరే చెప్పాలి. ఫ్లూ ఇంజెక్షన్ చంపిన వైరస్‌తో చేసింది, ఏటా ఇప్పించవచ్చు. ఇంట్లో మిగతా పిల్లలకి ఆటలమ్మ టీకా పడిందో లేదో ఇప్పుడే చూడండి. బాబుకి ఆటలమ్మ సోకినవాళ్లతో దగ్గరి సంపర్కం జరిగితే పొక్కులు వచ్చేదాకా ఆగకుండా ఆ రోజే ఫోన్ చేయాలి. ప్రత్యేక ఇమ్యునోగ్లోబులిన్ మొదటి 96 గంటల్లో ఇస్తేనే బాగా పనిచేస్తుంది.